వంతెన మలుపులో మా వదిన

ఎవరి డప్పు వాళ్ళు కొట్టుకునే రోజులివి. మా వదిన మాత్రం పదకొండేళ్ళుగా డ్రమ్ములు వాయిస్తూ కూడా తన డప్పు ఒక్కసారీ కొట్టుకోలేదు. అందుకని ఆ పని నేను చేస్తున్నాను. చేసే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ పదకొండేళ్ళలో పదేళ్ళ పైచిలుకు, ఆవిడ ఆ డ్రమ్ముల్ని ఎప్పుడు వదిలించుకుంటుందా అని ఎదురుచూసింది నేనే.

మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. అన్నయ్యా వదినా కింద, నేను పైన. అన్నయ్య అచ్చాఫీసులో కాగితాలు కోసే మిషను మీద పని చేస్తాడు. నేను పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. వదిన సిటీ బస్సు నడుపుతుంది. ఇన్నేళ్ళ సర్వీసులో బస్సు మీద ఒక్క గీత పడనివ్వలేదని డిపోలో చెప్పుకుంటారు. మా ఆసుపత్రిలో నలుగురి దగ్గరా నేనూ అదే చెప్పేదాన్ని. డ్రమ్ముల సంగతి మాత్రం ఎత్తేదాన్ని కాదు. యాభై ఏళ్ళ ఆడమనిషి మెట్ల కింద సామాన్ల గదిలో, గోడలకి పాత పరుపులు కట్టుకుని దబదబా బాదుతుందని చెప్పుకోవడం నాకు నామోషీగా ఉండేది.

ఆ విద్య ఆవిడకి అంటుకున్న తీరు కూడా విచిత్రమే. డిపోలో ఎవరో రిటైరవుతుంటే చిన్న సభ పెట్టారు. డ్రమ్ములు వాయించాల్సిన మెకానిక్కు కాలికి దెబ్బ తగిలించుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఆయన వదినని పిలిచి, "రెండు చేతులు, రెండు కాళ్ళు. నాలుగూ నాలుగు పనులు చెయ్యాలమ్మా. మీరు రోజూ పొద్దున్నే చేసేదే కదా. కూర్చోండి," అన్నాడట. కూర్చుంది. ఇక లేవలేదు. "సినిమా చూసొస్తానని వెళ్ళి హాలు కొనుక్కొచ్చినట్టుంది నీ వ్యవహారం," అని అన్నయ్య ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఎగతాళి చేస్తూనే డ్రమ్ములు మోస్తాడు.

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. అసలు మొగుడు మూటలు మోస్తుంటే, అర్ధమొగుణ్ణి నేను పైన తలుపులు ధడేలుమని వేసేదాన్ని. "వదినా, నీ దెబ్బకి నా మంచం కూడా తాళం వేస్తోంది," అనేదాన్ని. ఆవిడ ఏనాడూ మాట తూలలేదు. పరుపు మీద ఇంకో పరుపు కట్టేది.

వదిన బృందంలో మొత్తం నలుగురు. గిటారు కళ్ళద్దాల షాపాయనది. లావు తీగల గిటారు ఒక ప్లంబరుది. పాడేది టీచరమ్మ. చుట్టాల పుట్టినరోజులకీ, స్కూలు వార్షికోత్సవాలకీ తప్ప వీళ్ళని పిలిచిన పాపాన పోయినవాళ్ళు లేరు. అలాంటిది కిందటి చలికాలంలో జరిగే పెద్ద పరుగుపందేనికి రమ్మని కబురొచ్చింది. ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. దారి పొడుగునా అక్కడక్కడా పాటలవాళ్ళని నిలబెడతారు. వీళ్ళకిచ్చిన చోటు పదిహేడో కిలోమీటరు దగ్గర, కాలవ పక్క రోడ్డు వంతెన మీదికి ఎక్కే మలుపు.

"మిగతావాళ్ళంతా కుదరదన్న చోటు మనకిచ్చారు," అన్నాడు ప్లంబరు.

"మంచిదే," అంది వదిన. "అక్కడికొచ్చేసరికి వాళ్ళకి మనం అవసరం పడతాం."

సరిగ్గా ఆ ఆదివారమే అచ్చాఫీసులో అర్జెంటు పని తగిలి అన్నయ్యకి సెలవు దొరకలేదు. ముందురోజు నా గదిలోకొచ్చి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "పెద్ద డ్రమ్ము మీ వదిన ఒక్కతే ఎత్తలేదే. పొద్దున్నే వెళ్ళి దింపిస్తే చాలు. తర్వాత నీ ఇష్టం, వచ్చెయ్," అన్నాడు. చచ్చినట్టు ఒప్పుకున్నాను. దింపి వచ్చేద్దామనే వెళ్ళాను.

ఆ రోజు చలి గురించి చెప్పాలి. అంత చలి ఆ ఏడాదిలో మళ్ళీ పడలేదు. ప్లంబరు వ్యానులోంచి దిగగానే ముక్కులో ఏదో పుల్ల గుచ్చినట్టయింది. రోడ్డు మీద నీళ్ళ గుంటలు గాజుపలకల్లా గడ్డకట్టాయి. వంతెన ఇనుప పట్టీ మీద చెయ్యి పెడితే అంటుకుపోయింది, లాక్కోవలసి వచ్చింది. కాలవ మీంచి గాలి. మాకు నాలుగు గుంజల మీద ఒక గుడ్డ పందిరి వేశారు. పైకప్పు ఉంది కానీ చుట్టూ ఏమీ లేదు. వానకైతే పనికొచ్చేదేమో, గాలి మాత్రం అత్తారింట్లోకి అల్లుడొచ్చినట్టు దర్జాగా ఇటునుంచి వచ్చి అటు పోతోంది.

వదిన ముందుగా రోడ్డు మీద మందపాటి చాప పరిచింది. పెద్ద డ్రమ్ము జారిపోకుండా దాని ముందు రెండు ఇటుకలు పెట్టింది. ఒక్కో డ్రమ్ము మీదా వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టి వింది. చలికి పైన చర్మంలా ఉండే ప్లాస్టిక్కు బిగుసుకుపోయి, ఖంగుమని మోగాల్సింది టక్కుమంటోంది. తాళంచెవిలాంటిదానితో చుట్టూ మరలు వదులు చేస్తూ పోయింది. ఆ పనంతా అయ్యాక బూట్లు విప్పింది.

"ఏం చేస్తున్నావు వదినా?"

"లావు బూట్లతో పెద్ద డ్రమ్ము పెడల్ తెలీదు," అంటూ సంచిలోంచి పల్చటి గుడ్డ బూట్లు తీసి తొడుక్కుంది. "బస్సయినా ఇంతే. కాలికి తెలియాలి, ఎంత నొక్కితే ఎంత పలుకుతుందో."

చేతులకి కూడా తొడుగుల్లేవు. ఉన్ని మేజోళ్ళు కోసి మణికట్ల దాకా తొడుక్కుంది, వేళ్ళు మాత్రం బయటే. తొడుగులేసుకుంటే వాయించే పుల్లలు జారతాయట. అన్నయ్య చెప్పినట్టు నేను తిరిగి వెళ్ళిపోవచ్చు. కానీ ఆ వేళ్ళు చూశాక, ఎముకలు చూసే పనిలో ఉన్నదాన్ని, వెళ్ళబుద్ధి కాలేదు. ఫ్లాస్కులో వేడినీళ్ళు ఉన్నాయి కదా, కాసేపు ఉండి పోదాంలే అనుకున్నాను.

ఎనిమిదింటికి మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలకి మొదటివాళ్ళు వచ్చారు. బక్కపల్చటి మనుషులు, జింకల్లా వచ్చి జింకల్లా పోయారు. మా వైపు తల కూడా తిప్పలేదు. టీచరమ్మ గొంతెత్తి పాడుతోంది. కళ్ళద్దాలాయన ఒక్కో పాటకీ మధ్య చేతులు చంకల్లో పెట్టుకుంటున్నాడు. చలికి తీగలు శ్రుతి తప్పుతున్నాయి, ఆయన బిగిస్తున్నాడు, అవి తప్పుతున్నాయి. తర్వాత గుంపులు గుంపులుగా జనం వచ్చారు. కొందరు చెయ్యి ఊపారు. ఒకాయన మా ముందుకొచ్చి రెండు స్టెప్పులేసి మరీ పోయాడు. బాగానే ఉంది.

తొమ్మిది దాటాక, గిటార్లకీ మైకుకీ కరెంటిచ్చే జనరేటరు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

ఒక్కసారిగా గిటార్లు మూగబోయాయి. మైకు పోయింది. టీచరమ్మ గొంతు గాలిలో చిన్న దారప్పోగులా మిగిలింది. ప్లంబరు జనరేటరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని తాడు లాగాడు, తట్టాడు, తిట్టాడు, చివరికి బతిమాలాడు. అది పలకలేదు. "చలికి బిగుసుకుపోయింది. దీన్ని ఇప్పుడు దేవుడు కూడా లేపలేడు," అన్నాడు.

అయితే డ్రమ్ములకి కరెంటుతో పనేముంది? వదిన ఆపలేదు. పాట సగంలో ఆగిపోయినా ఆవిడ చేతులు అలాగే ఆడుతున్నాయి. నేను అటే చూస్తున్నాను కాబట్టి తెలిసింది. ఆవిడ తల ఎత్తి రోడ్డు వైపు చూసింది. రోడ్డు వైపంటే మనుషుల మొహాల వైపు కాదు, వాళ్ళ కాళ్ళ వైపు. చూసి, వాయించే వేగం మార్చింది.

మొదట నాకు అర్థం కాలేదు. కాసేపటికి తెలిసింది. మలుపు దగ్గరికి అయిదారుగురు ఈడ్చుకుంటూ వస్తున్నారు. వాళ్ళ అడుగు ఎక్కడ పడుతోందో అక్కడ పెద్ద డ్రమ్ము దుమ్ అంటోంది. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. పది అడుగులు అలా వాళ్ళతో నడిచి, తర్వాత వెంట్రుకవాసి వేగం పెంచింది. ఆ కాళ్ళు కూడా పెరిగాయి. అలా పెంచుకుంటూ వాళ్ళని వంతెన ఎక్కించేసింది. ఎక్కినవాళ్ళకి తాము వేగం పెంచామని కూడా తెలిసి ఉండదు. బస్సులో నిలబడ్డవాళ్ళు తూలకుండా గేరు మార్చడం మా వదినకి అలవాటే. ఇదీ అలాంటిదే.

"చూశారా మీరు?" అంది టీచరమ్మ నా భుజం పట్టుకుని. "పాట లేకుండానే పని జరుగుతోంది. ఇన్నాళ్ళూ నేను అడ్డంగా ఉన్నానా ఏంటి?"

నాకు నవ్వొచ్చింది. పదేళ్ళుగా నా నేల కింద మోగుతున్న చప్పుడు ఇదేనా అనిపించింది. పరుపుల వెనక నుంచి వింటే అది చప్పుడు. ఇక్కడ ఎదురుగా నిలబడి చూస్తుంటే, మనుషుల్ని చెయ్యిపట్టి నడిపించడం.

పావుగంటకి, డ్రమ్ముల పక్క కమ్మీలకి బిగించిన రెండు ఇత్తడి తాళపు పళ్ళాల్లో ఒకటి టంగుమని పగిలింది. చలికి లోహం పెళుసుబారుతుందట. అంచు నుంచి మధ్యదాకా వెంట్రుకలాంటి చీలిక. వదిన ఎడమచేత్తో వాయిస్తూనే కుడిచేత్తో దాని మర విప్పి నాకందించింది. "పక్కన పెట్టు పిల్లా. ముట్టుకునేటప్పుడు జాగ్రత్త, కోసుకుంటుంది," అంది. మాటకి తాళం తప్పలేదు, తాళానికి మాట తప్పలేదు.

పది గంటలయ్యేసరికి గుంపులు పలచబడ్డాయి. ఇప్పుడు ఒక్కొక్కరే వస్తున్నారు. మధ్యలో రెండేసి నిమిషాలు రోడ్డు ఖాళీ. అప్పుడొచ్చాడు నారింజరంగు జాకెట్టు ఆయన, నిర్వాహకుల్లో ఒకడు, చేతిలో వాకీటాకీతో. ఈ మలుపు బాధ్యత ఆయనదట. మర్యాదస్తుడే.

"అమ్మా, మీకిచ్చిన టైమైపోయింది. కరెంటు కూడా లేకుండా ఇంతసేపు వాయించారు, చాలా సంతోషం. ఇక సర్దేసుకోండి. ఈ చలిలో మిమ్మల్ని కూర్చోబెట్టడం నాకే బాగాలేదు," అన్నాడు.

వదిన కొట్టడం ఆపకుండానే అడిగింది. "ఇంకా ఎంతమంది రావాలి?"

ఆయన వాకీటాకీలో కనుక్కున్నాడు. "నలభై ముగ్గురు. కానీ వాళ్ళు బాగా వెనక ఉన్నారమ్మా. వెనకాల వ్యాను వస్తోంది. నడవలేనివాళ్ళని ఎక్కించేసుకుంటుంది. చాలామంది ఈ మలుపులోనే ఎక్కేస్తారు, ప్రతి ఏడూ అంతే."

"అయితే నలభై ముగ్గురు ప్రయాణికులున్నారు నాకు," అంది వదిన. "స్టాపు రాకుండా బస్సు ఆపడం నాకు చేతకాదండీ."

ఆయన నా వైపు చూశాడు, ఈవిడ ఎవరన్నా చెప్తే వింటుందా అన్నట్టు. నేను ఆవిడ చేతుల వైపు చూస్తున్నాను. వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయాయి. కుడిచేతి బొటనవేలి పక్కన చర్మం చిట్లి పుల్ల మీద ఎర్రటి మరక పడింది. నేను వెళ్ళి చెవి దగ్గర వంగి, "వదినా, చాలు. నీ చేతులు చూసుకున్నావా? రేపు స్టీరింగు ఎలా పట్టుకుంటావు?" అన్నాను.

"చేతుల సంగతి నువ్వు చూడవే. కాళ్ళ సంగతి నేను చూస్తున్నాగా," అంది, కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండానే.

అప్పుడు అర్థమైంది, ఆవిడ నన్ను పొమ్మనలేదని. పని చెప్పిందని.

ఇక చూశాను. ఫ్లాస్కులో నీళ్ళు గిన్నెలో పోసి, నా రుమాలు తడిపి పిండి, ఒక చెయ్యి వాయిస్తుంటే రెండో చెయ్యి ఆ వేడిగుడ్డలో పెట్టి పట్టుకున్నాను. లెక్కకి ఇరవై దెబ్బలు, మళ్ళీ చెయ్యి మార్పు. చిట్లినచోట పట్టీ వేశాను. కాళ్ళ మీద నా కోటు కప్పాను. పెడల్ మీద కాలు తప్ప మిగతాదంతా మూటకట్టినట్టు చుట్టేశాను. పుల్ల ఒకటి నిలువునా చీలితే సంచిలోంచి ఇంకోటి అందించాను. అది పాతదానికంటే కాస్త లావు. జత కుదరకపోయినా ఆవిడ వాయించింది. కళ్ళద్దాలాయనా ప్లంబరూ గిటార్లు పెట్టెల్లో పెట్టేసి రోడ్డు అంచుకి వెళ్ళి చప్పట్లు మొదలుపెట్టారు. చెయ్యి చెయ్యి కొడితే కాస్త వేడన్నా పుడుతుందన్నది ప్లంబరు సిద్ధాంతం. టీచరమ్మ వచ్చేవాళ్ళని లెక్కపెడుతూ, ఒక్కొక్కరు వంతెన ఎక్కగానే అంకె అరిచి చెబుతోంది. "పదకొండు. పన్నెండు. ఇరవై."

వచ్చేవాళ్ళు ఇప్పుడు మొదట వచ్చినవాళ్ళలాంటి మనుషులు కారు. వీళ్ళు మమ్మల్ని చూస్తున్నారు. ఒకావిడ దూరం నుంచే చెయ్యి చాపి, డ్రమ్ము వైపు చూపించి, ఆ చెయ్యి గుండె మీద పెట్టుకుంది. తెల్లగడ్డం పెద్దాయన ఒకడు మలుపులో ఆగిపోయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. వదిన వాయింపు మెల్లిగా చేసింది, వదిలెయ్యలేదు. ఊపిరంత మెల్లిగా. ఆయన నిటారుగా అయ్యేదాకా అలాగే పట్టి ఉంచి, ఒక అడుగు వేశాక ఒక దెబ్బ, రెండో అడుక్కి రెండో దెబ్బ. పసిపిల్లాడికి నడక నేర్పినట్టు ఆయన్ని వంతెన మొదలుదాకా చేర్చింది. నారింజ జాకెట్టాయన సర్దుకోమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఎప్పుడు వెళ్ళాడో తెలీదు, అయిదు గ్లాసుల టీ పట్టుకొచ్చి ఇటుకల పక్కన పెట్టి, తను కూడా చప్పట్లు కొట్టేవాళ్ళలో చేరిపోయాడు.

"నలభై రెండు," అని టీచరమ్మ అరిచాక రోడ్డు ఖాళీ అయిపోయింది.

చాలాసేపు ఎవరూ రాలేదు. వాకీటాకీలో ఏదో గరగరలాడింది. జాకెట్టాయన విని, "ఒక్కరే ఉన్నారు. కాలవ అవతలి వంపు దగ్గర. వ్యాను ఆవిడ వెనకాలే ఉంది. ఎక్కేస్తారనుకుంటా," అన్నాడు.

మా అందరి మొహాలూ వదిన వైపు తిరిగాయి. వాయించడానికి ఎదురుగా మనిషే లేదు. కాళ్ళు లేని రోడ్డుకి తాళం ఏం వేస్తుంది? వదిన ఒక్క క్షణం పుల్లలు గాల్లో ఆపి, చెవి అటు పెట్టింది. తర్వాత కొట్టింది చూడండి. ఆ రోజంతా ఆవిడ ఎవరి అడుగుకో తగ్గట్టు ఒద్దికగా వాయించింది. ఇప్పుడు మాత్రం ఉన్న నాలుగు డ్రమ్ములూ, మిగిలిన ఒక్క పళ్ళెమూ, ఒంట్లో మిగిలిన బలమూ అన్నీ కలిపి, కాలవ అవతలికి కేకేసినట్టు వాయించింది. వంతెన కింద పావురాలు లేచిపోయాయి. నా పక్కటెముకల్లో మోగింది. ఆవిడ నోట్లోంచీ ముక్కులోంచీ పొగ. మొహం ఎర్రగా కందిపోయి, జుట్టు చెమటకి నుదుటికి అంటుకుని ఉంది, ఆ చలిలో చెమట. అంత అందంగా ఆవిడ నాకు పెళ్ళిరోజున కూడా కనిపించలేదు.

అయిదు నిమిషాలు అలా వాయించింది. ఆరో నిమిషంలో వంపు తిరిగి ఒక ఆకారం కనిపించింది. భారీ మనిషి. ఊదారంగు స్వెట్టరు. వెనకాల తాబేలులా వ్యాను. నడుస్తోందో పరిగెడుతోందో చెప్పలేం, కానీ ఆగడం లేదు. దగ్గరికొచ్చేకొద్దీ వదిన శబ్దం తగ్గించి, ఆవిడ కాళ్ళని దొరకబుచ్చుకుంది. ఎడమ, కుడి. ఎడమ, కుడి. స్వెట్టరావిడ ఏడుస్తోంది. ఏడుస్తూనే తల ఊపుతోంది, అవును అవును అన్నట్టు. మా ముందు నుంచి వెళ్ళేటప్పుడు మేం అయిదుగురం చప్పట్లు ఆపేశాం. ఎందుకో మరి, ఆ ఇద్దరి మధ్యా దూరడం బాగోదనిపించింది. ఆవిడ వంతెన ఎక్కి, నడిమికి చేరి, అవతలికి దిగి కనుమరుగయ్యేదాకా వదిన మెల్లిగా వాయిస్తూనే ఉంది.

"నలభై మూడు," అంది టీచరమ్మ. ఈసారి అరవలేదు.

వదిన పుల్లలు కింద పెట్టబోయింది. రాలేదు. వేళ్ళు పుల్లల చుట్టూ బిగుసుకుపోయాయి. నేను ఆవిడ ముందు మోకరిల్లి, ఒక్కో వేలూ మెల్లిగా తెరిచాను. రోజూ ఎన్నో చేతులు ఎక్స్‌రే బల్ల మీద పెట్టించుకుని చూస్తాను, వాటిలో ఎముకలే తప్ప ఇంకేమీ చూడను. ఒక్కటీ పోలేదని నమ్మకం కుదరనట్టు, పది వేళ్ళనీ మళ్ళీ మళ్ళీ తడిమాను. వాటిని నా స్వెట్టరు లోపల, నా పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నాను. మంచు పెట్టినట్టుంది.

"చలేస్తోందా నీకు?" అని అడిగింది ఆవిడ, నన్ను.

"నోరుముయ్యి వదినా," అన్నాను. పదకొండేళ్ళలో ఆ మాట చాలాసార్లు అనాలనుకున్నాను. అన్నది మాత్రం అప్పుడే, అదీ ఏడుస్తూ.

వదిన చేతులు వేడెక్కి, డ్రమ్ములన్నీ విప్పి ప్లంబరు వ్యానులోకి ఎక్కించేసరికి గంట దాటింది. చాప చుడుతుండగా, వంతెన మీంచి ఊదారంగు స్వెట్టరావిడ కుంటుకుంటూ వెనక్కి వచ్చింది. భుజాల మీద వెండికాగితంలాంటి దుప్పటి. పరుగు దారి అవతల చుట్టు తిరిగొచ్చి వంతెన దాపునే ముగుస్తుంది, ముగించినవాళ్ళు అక్కడ వెచ్చటి గుడారంలో కూర్చుంటారు. ఈవిడ అక్కడ కూర్చోకుండా ఇంతదూరం నడిచొచ్చింది.

"డ్రమ్ములు ఎవరండీ?" అంది.

నేను వదినని చూపించి, "మా వదిన," అన్నాను. ఆ రెండు మాటలూ అవసరమైనదానికంటే గట్టిగానే అన్నట్టున్నాను, ప్లంబరు వెనక్కి తిరిగి చూశాడు.

ఆవిడ ఒక విద్యార్థుల హాస్టల్లో వంటమనిషట. జీవితంలో మొదటి పరుగట. "వ్యాను తలుపు రెండుసార్లు తీశారండీ," అని చెప్పింది వదినకి. "మొదటిసారి వద్దన్నాను. రెండోసారి ఎక్కేద్దామనే ఆగాను. ఒక కాలు ఎత్తి మెట్టు మీద పెట్టాను కూడా. అప్పుడు వినబడింది. నేనేమనుకున్నానంటే, అందరూ వెళ్ళిపోయి ఉంటే చప్పుడెందుకుంటుంది, ఎవరో ఇంకా ఉన్నారు, నాకోసమే ఉన్నారు అనుకున్నా. కాలు కిందికి దించేశా."

వదిన ఆవిణ్ణి పైనుంచి కిందిదాకా చూసి, "మీ ఎడమ కాలు కుడిదానికంటే కాస్త ఆలస్యంగా పడుతోందండీ," అంది. "పక్కనుంచి విన్నా తెలుస్తోంది. అశ్రద్ధ చెయ్యకండి, ఒకసారి చూపించుకోండి. మా అమ్మాయి పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మా అమ్మాయి తీస్తే తేడా వెంట్రుకంత ఉన్నా పట్టుకుంటుంది."

ఆవిడ డ్రమ్ముల గురించి నేను పదేళ్ళు ఎవరికీ చెప్పలేదు. నా ఎక్స్‌రేల గురించి మా వదిన రోడ్డు మీద కనబడ్డవాళ్ళకి కూడా చెబుతోంది. వ్యానెక్కి కూర్చున్నాక ఇంటికి చేరేదాకా నేను కిటికీలోంచి బయటికే చూశాను.

మర్నాడు తెల్లారకుండానే వదిన డ్యూటీకి వెళ్ళిపోయింది. చేతులకి పట్టీలు, పట్టీల మీద తొడుగులు. సెలవు పెట్టమని అన్నయ్య ఎంత పోరినా వినలేదు. వేళ్ళు బాగానే ఉన్నాయని నేను కూడా ఒప్పుకోవలసి వచ్చింది. వాచాయి, అంతే. నేను ఆసుపత్రికి వెళ్ళి, టిఫిను డబ్బా మూత తియ్యకముందే మొదలుపెట్టాను. నర్సులకి చెప్పాను, వార్డుబాయ్‌కి చెప్పాను, ఛాతీ ఎక్స్‌రేకి వచ్చినాయనకి ఊపిరి బిగబట్టమని చెప్పి, కథ మధ్యలో ఉండి వదలమనడం మర్చిపోయాను. పాపం ఆయన చేత్తో సైగ చేశాడు.

మూడో రోజున హాస్టలు వంటావిడ నిజంగానే వచ్చింది, డాక్టరు రాసిచ్చిన చీటీతో. నడుముకీ తుంటికీ తియ్యమని రాశారు. "ఒంటి మీద లోహపువేమన్నా ఉంటే తీసెయ్యండి," అన్నాను, అందరికీ చెప్పినట్టే. ఆవిడ మొహమాటపడుతూ స్వెట్టరు లోపలికి చెయ్యి పోనిచ్చి, పొడుగాటి రిబ్బను పట్టి పైకి లాగింది. రిబ్బను చివర పరుగు పూర్తిచేసినవాళ్ళకిచ్చే పతకం.

"స్నానానికి తప్ప తియ్యలేదు," అంది. "హాస్టల్లో పిల్లలు నవ్వుతున్నారు. నవ్వనీ."

పతకం ఆవిడ ఒంటి వేడికి గోరువెచ్చగా ఉంది. ట్రేలో పెట్టడానికి మనసొప్పక నా జేబులో వేసుకుని, ఎక్స్‌రే తీశాను. ఎముకలో లోపమేమీ కనబడలేదు. డాక్టరు చూసి, కండరం పట్టేసిందని, కొన్నాళ్ళు కాలికి విశ్రాంతి ఇస్తే చాలని తేల్చాడు. పతకం తిరిగి మెళ్ళో వేసుకుని, "మీ వదినగారికి చూపిద్దామనుకున్నానండీ. ఆ రోజు దుప్పటి కింద ఉండిపోయింది," అంది.

గడియారం చూశాను. "రెండూ పదికి మా గేటు ముందు నాలుగో నంబరు బస్సు ఆగుతుంది. ముందు తలుపు నుంచి ఎక్కండి," అన్నాను.

మా ఎక్స్‌రే గది పక్క వరండాలోంచి గేటు కనిపిస్తుంది. రెండూ పదికి బస్సొచ్చింది. వంటావిడ కమ్మీ పట్టుకుని, మెల్లిగా ముందు తలుపు నుంచి ఎక్కింది. మిగతావాళ్ళంతా ఎక్కేశారు, దిగేవాళ్ళు దిగేశారు. తలుపులు మూసుకున్నాయి. బస్సు కదల్లేదు. అద్దంలోంచి ఇద్దరి తలలూ దగ్గరగా వంగి కనిపించాయి, మధ్యలో ఏదో ఒకసారి తళుక్కుమంది. వెనకున్న ఆటో హారను కొట్టింది. వదిన బస్సు స్టాపులో అంతసేపు ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు.